సందుగలోని రైలు ఎవరిది?

కాజీపేటలో పుట్టి పెరిగి ఇప్పుడు హన్మకొండలో ఉంటున్న ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 47. వాళ్ల బాపు లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు, నిరుడు ఫిబ్రవరిలో పోయారు. ఇంట్లో 74 ఏళ్ల అమ్మ ఒక్కతే ఉంటోంది. ఈ క్రిస్మస్ కాగానే అన్న ఆమెను ఉప్పల్‌కు తీసుకుపోతాడు, ఇల్లు కిరాయికిస్తారు. సామాను సర్దుతుంటే అటక మీది సందుగలో చిన్ననాటి క్రిస్మస్ బొమ్మలు బయటపడ్డాయి. చాబీ ఇస్తే నడిచే రేకు రైలింజను, దానికి మూడు డబ్బాలు, ఆరు వంపు పట్టాలు. దీపం పెడితే టపటపమంటూ నీళ్లలో తిరిగే రేకు పడవ. నిర్మల్ కొయ్య చిలుక, జింక. అమ్మ పాత చీరపేలికలతో కుట్టిన గుండీ కళ్ల బొమ్మ. పడుకోబెడితే కళ్లు మూసుకునే ప్లాస్టిక్ పాప.

గొడవంతా రైలు దగ్గర మొదలైంది. 1986 క్రిస్మస్ రాత్రి ఫాతిమానగర్ చర్చిలో అర్ధరాత్రి పూజ అయి ఇంటికొచ్చాక, బాపు ఆ రైలును తన చేతిలోనే పెట్టారని ఈమెకు కళ్లకు కట్టినట్టు గుర్తు. అప్పుడు ఎనిమిదేళ్లు. మూడేళ్లు పెద్దవాడైన అన్న మాత్రం “అది నాకే తెచ్చిండు, పరీక్షల ఫస్టొచ్చిన అని” అంటాడు. ఆ యేడే పుట్టిన చెల్లె “మీరిద్దరూ నన్నెప్పుడు ముట్టనిచ్చిన్రు” అంటుంది. నవంబర్‌లో ఫోన్లో మాటామాటా పెరిగింది. “రెండు పట్టాలు నా దగ్గర్నే ఉన్నయ్. ఇంజన్ నీ దగ్గరుంటే నీదైతదా?” అని అన్న ఫోన్ పెట్టేశాడు. వదిన “తండ్రి వస్తువులు కొడుకుకే చెందుతయి కదా” అంది. అమ్మను అడిగితే ఒకరోజు “ముగ్గురికి తెచ్చిండు” అంటుంది, ఇంకోరోజు “వానికే” అంటుంది.

ఉత్తరంలో ఇంకొన్ని విషయాలున్నాయి. రైలు నడవడం లేదు. కొబ్బరినూనె పూసి చూశారు. బైకులకు రంగేసే మెకానిక్ ఒకాయన పాత రంగు గీకి కొత్తదానిలా చేసిస్తానన్నాడు. చెల్లె తన రెండున్నరేళ్ల పాపకు కొయ్య బొమ్మలు కావాలంటోంది. ఇంటర్ ఎంపీసీ చదివే కొడుకు రైలును పది నిమిషాలు చూసి పక్కన పెట్టాడు. పద్నాలుగేళ్ల బిడ్డ ప్లాస్టిక్ పాపను చూసి “భయమైతుంది మమ్మీ” అంది. ఆ రాత్రి ఈమె వంటింట్లో ఒంటరిగా ఏడ్చారు. “ఈ వయసుల బొమ్మ కోసం ఏడ్చుడు పిచ్చి కాదా? రైలు ఎవరికి చెందాలె? నేనేం చెయ్యాలె?” అని అడిగారు.

మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు. పిచ్చి కాదు. బాపు పోయాక ఇది రెండో క్రిస్మస్. పైగా ఆయన నడిచిన ఇల్లు ఖాళీ అవుతోంది. ఆ ఇంట్లో ఆయన కొన్న మంచాలు, బీరువాలు చాలానే ఉంటాయి. కానీ మీ ముఖం వెలగడం చూడాలని, ఆ ఒక్కదాని కోసమే ఆయన డబ్బు పెట్టి కొన్నవి ఆ సందుగలోవే. వాటిని చూసి కన్నీళ్లు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక రైలు. అది ఎవరిదో తేలేలోపు అది పాడైపోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ఇంజను సంగతి చూద్దాం. చాబీ బిగుసుకుని ఉంది, తిప్పితే కదలదు, చక్రాలూ కదలవు అని రాశారు. ఇది మంచి లక్షణమే. లోపల రిబ్బను లాంటి ఉక్కు పట్టీ చుట్ట చుట్టుకుని ఉంటుంది. చాబీ తిప్పితే అది బిగుస్తుంది, తర్వాత విప్పుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది, వాటితో ఇరుసు తిరుగుతుంది. ఆ పట్టీ తెగిపోయి ఉంటే చాబీ అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగేది. పట్టీ కొన కొక్కెం నుంచి ఊడి ఉంటే కాస్త బిగిసి, టక్కుమని జారేది. పళ్లు అరిగి ఉంటే చక్రాలు కదిలినా కటకటమని ఎగిరెగిరి పడేవి. మీ ఇంజనులో ఇవేవీ లేవు. ఎప్పుడో ఎవరో చాబీ నిండా ఇచ్చి వదిలేశారు, అప్పటి గ్రీజు ఎండి జిగురై చక్రాలను పట్టేసింది. స్ప్రింగు ఇప్పటికీ బిగిసే ఉంది.

అందుకే ఇక చాబీ బలవంతంగా తిప్పకండి. రేకు విప్పి లోపల చూడాలనీ అనుకోకండి. బిగిసిన స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుంటే వేలు కోసుకుపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈ బొమ్మల రేకులను చిన్న చిన్న రేకు నాలుకలను గాట్లలో దూర్చి, మడిచి బిగిస్తారు. ఆ నాలుకలు రెండు మూడుసార్లు వంచి తీస్తే విరిగిపోతాయి, మళ్లీ అతకవు.

కొబ్బరినూనెను శుభ్రమైన నూలు గుడ్డతో, దూది చుట్టిన పుల్లతో వీలైనంత తుడిచేయండి. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబర్ రాత్రి మీ ఇంట్లో సీసాలో నూనె గడ్డకట్టినట్టే ఇంజను లోపలా గడ్డకడుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. ఆముదం, వంటనూనెలు కూడా వద్దు. కావాల్సింది కుట్టుమిషను నూనె, అదీ చుక్కల్లో. ముందు మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. ఇంజనును వెల్లకిలా తిప్పి ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, దారప్పోగులు ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు రైలు ఆగేది వాటివల్లే. సూదితో పైకి లేపి, చిన్న కత్తెరతో కత్తిరించి, పట్టకారుతో లాగండి. తర్వాత సూది మొనను నూనెలో ముంచి, పళ్లచక్రాల ఇరుసులు రేకులోకి దూరే ప్రతి రంధ్రం దగ్గరా ఒక్క చుక్క వదలండి. రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున ఇంజను ముందుకు నడిచే దిశలోనే చక్రాలను వేలితో కొద్ది కొద్దిగా ఆడించండి. ఒక్కోసారి జిగురు వదిలి ఇంజను ఉన్నట్టుండి బుర్రుమని తిరుగుతుంది, వేళ్లు పళ్లచక్రాల వైపు ఉండకూడదు. రెండు మూడు రోజులు ఇలా చేసినా కదలకపోతే చాబీ గోడగడియారాలు బాగుచేసే మనిషిని వెతకండి. స్ప్రింగును ఎలా వదులు చేయాలో ఆయనకు తెలుస్తుంది. బైకు మెకానిక్‌కు ఆ పని వేరు, ఈ పని వేరు.

రంగు విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ రైలు మీద ఉన్నది బ్రష్షుతో వేసిన రంగు కాదు. ఇలాంటి బొమ్మలకు తగరపు పూత ఉన్న రేకు మీద, అది బల్లపరుపుగా ఉన్నప్పుడే బొమ్మను అచ్చు వేస్తారు, ఆ తర్వాత కోసి వంచుతారు. కిటికీలు, డబ్బాల మీది నంబర్లు, గీతలు అన్నీ ఆ పలుచటి అచ్చులోనే ఉంటాయి. గీకితే పోతుంది, మళ్లీ ఎవరూ తేలేరు. చివరికి నున్నగా మెరిసే ఎర్ర ఇంజను ఒకటి మీ చేతికొస్తుంది. దాన్ని మీరూ అన్నా ఇద్దరూ గుర్తుపట్టరు. పైగా ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, గీకితే ఆ పొడి గాలిలో కలుస్తుంది. అంచుల తుప్పు మచ్చలకు దూదిపుల్లతో కొంచెం మిషను నూనె అద్ది, గంట ఆగి తుడిస్తే చాలు. థిన్నరు, పెట్రోలు, మెరుగు పెట్టే పేస్టులు, తడి సబ్బుగుడ్డ ఏవీ వద్దు. మెకానిక్‌కు మర్యాదగా వద్దని చెప్పేయండి.

ఇప్పుడు అన్న సంగతి.

మీ ఉత్తరంలో అన్న చెప్పిన ఒక మాటను మీరు కోపంతో రాశారు, నేను మాత్రం దాని దగ్గరే ఆగాను. “రెండు పట్టాలు నా దగ్గర్నే ఉన్నయ్.” మీరు దాన్ని దొంగతనంలా చూశారు. ఎనిమిది ముక్కల వలయంలోంచి రెండు తీసుకుపోతే ఎవరికీ పనికిరావు, ఆ రెండింటి మీద రైలు నడవదు. అయినా ఆయన ఇల్లు విడిచిపోయినప్పుడు వాటిని తీసుకుపోయాడు, ఇన్నేళ్లూ ఇళ్లు మారుతూ పారేయకుండా దాచుకున్నాడు. రైలు ధర కోసం అడిగే మనిషి ఆ పని చేయడు. ఆయనకూ బాపు గుర్తొస్తున్నారు. మగవాళ్లు దాన్ని “నాది” అనే మాటతో తప్ప చెప్పలేకపోవడం మన ఇళ్లలో కొత్త కాదు.

ఎవరి జ్ఞాపకం నిజం అని అడిగారు. రెండూ నిజం కావచ్చు. పరీక్షల్లో ఫస్టొచ్చాడని అన్న పేరు చెప్పి బాపు కొని ఉండొచ్చు. ఆ రాత్రి నిద్ర ఆపుకుని కూచున్న మీ చేతిలో పెట్టి ఉండొచ్చు. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో లాంటిది కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కడుతుంది. తోబుట్టువుల్లో ఒకే సంఘటన తనకే జరిగిందని ఇద్దరూ నమ్మడం, ఇద్దరూ ఒట్టు పెట్టి చెప్పడం అరుదేమీ కాదు. అందులో అబద్ధం ఉండదు. అందుకని అమ్మను సాక్షిగా నిలబెట్టి మళ్లీ మళ్లీ అడగకండి. 74 ఏళ్ల మనిషి ముందు ఎవరుంటే వాళ్ల మనసు నొప్పించకుండా జవాబు చెబుతుంది. అడగాలనుకుంటే వేరేది అడగండి. ఆ రైలు ఎక్కడ కొన్నారు, ఇంటికి ఎట్లా తెచ్చి దాచారు, ఆ యేడు క్రిస్మస్ పశువుల పాకకు వరిగడ్డి ఎక్కడి నుంచి తెచ్చారు, నక్షత్రం ఎవరు కట్టారు. ఫోన్లో రికార్డు పెట్టి పక్కన ఉంచండి. రైలు కన్నా త్వరగా చేజారేది ఆ మాటలే.

వదిన మాటకు జవాబు కూడా మీరు తెలుసుకుని ఉండాలి. వాదించడానికి కాదు, మీ మనసులో ఆ ముల్లు ఉండకూడదని. మీరు క్రైస్తవులు. వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తి విషయంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మూడింట ఒక వంతు భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా, ఇందులో కొడుకనీ బిడ్డనీ తేడా లేదు. ఇంటికీ అదే లెక్క, ఇంట్లో వస్తువులకూ అదే. బతికుండగా పిల్లల చేతికిచ్చిన బొమ్మ అయితే అసలు ఆయన ఆస్తిలోకే రాదు, అది ఆ పిల్లలది. ఏ పిల్లలది అనేదే మీ గొడవ, దాన్ని ఏ చట్టమూ తేల్చదు.

మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

రైలును మీరే ఉంచుకోవచ్చు. బాగా చూసుకుంటారు, అందులో సందేహం లేదు. కానీ ఆ రెండు పట్టాలు రావు. ఆరు ముక్కలతో వలయంలో నాలుగో వంతు తెరిచే ఉంటుంది, రైలు పట్టా దిగి పడిపోతుంది. అన్నతో మాటలు ఆగితే అమ్మ ఉండేది ఆయన ఇంట్లోనే అన్నది మరవకండి. ప్రతి ఆదివారం అమ్మకు చేసే ఫోనులో ఈ విషయం అడ్డుపడుతుంది.

అన్నకే ఇచ్చేయొచ్చు. ఇస్తే మనసారా ఇవ్వాలి, లోపల కొరత పెట్టుకుని ఇస్తే అది పదేళ్ల తర్వాత ఏ పెళ్లిలోనో బయటికొస్తుంది. ఇచ్చే ముందు పై జాగ్రత్తలన్నీ ఆయనకు చెప్పాలి, లేదంటే ఆయనా ఏ మెకానిక్ దగ్గరికో తీసుకుపోతాడు.

ముక్కలు పంచుకోవడం మూడోది. ఇంజను ఒకరికి, డబ్బాలు ఒకరికి, పట్టాలు ఇంకొకరికి. వినడానికి న్యాయంగా ఉంటుంది, నేను మాత్రం వద్దంటాను. ఆ తర్వాత అది రైలు కాదు, మూడు షోకేసుల్లో మూడు రేకు ముక్కలు. విడిపోయిన ముక్కలు మళ్లీ ఒక్కచోటికి రావడం చాలా కష్టం.

నాలుగోది, రైలు అమ్మ సామానులో అమ్మదిగా ఉప్పల్ వెళ్లడం. ఆమె గదిలో, ఆమె అలమారలో ఉంటుంది. అన్న ఇంట్లో ఉన్నట్టే, కానీ అన్నది కాదు. మీరు పోయినప్పుడల్లా అడిగి తీసి చూడొచ్చు. ప్రతి క్రిస్మస్‌కు ముగ్గురిలో ఎవరింట్లో కలిస్తే అక్కడికి వస్తుంది. ఇందులో చిక్కు ఏమిటంటే అమ్మ తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. అందుకే అమ్మ బాగున్నప్పుడే, ముగ్గురూ ఉన్నప్పుడే, తన తర్వాత ఎవరి దగ్గర ఉండాలో ఆమెతోనే చెప్పించి ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. ఇంకో చిక్కు, ఊరూరా తిరిగే కొద్దీ పట్టా మూలలు వంగుతాయి, డబ్బాల కొక్కేలు తెగుతాయి. గట్టి పెట్టె ఉండాలి, ఎవరింటి నుంచి బయల్దేరినా ముక్కలు లెక్కపెట్టి పంపాలి. మీరు రాసింది బట్టి ఇది మీ ఇంటికి కుదిరేలా ఉందని నాకనిపిస్తోంది. కానీ అన్న మనసు నాకు తెలియదు, మీకు తెలుసు.

ఏ దారి పట్టినా మొదటి ఫోను మీరే చేయాల్సి వస్తుంది. ఆ ఫోనులో రైలు ఎవరిదనే మాట ఎత్తకండి. “అన్నా, ఇంజన్ల గ్రీజు ఎండిపోయింది, మిషను నూనె పోసి కదిలిస్తున్న. నీ దగ్గరున్న రెండు పట్టాలు తుప్పు పట్టినయా, బాగున్నయా? ఇరవై నాలుగు నాడు తీసుకరా. బాపు తెచ్చిన్నాడు ఏమైందో నువ్వు నీకు యాదికున్నది చెప్పు, నేను నాకు యాదికున్నది చెప్త” అనండి. ఆయన చెప్పేది మీకు గుర్తున్నదానికి అడ్డంగా ఉన్నా మధ్యలో ఆపకండి. ఆయన “నాది నాదే” అని మళ్లీ అంటే “సరే, ముందైతే నడిపిద్దాం” అని ఆ రోజుకు వదిలేయండి. అసలు ఫోనే ఎత్తకపోతే బాగుచేస్తున్న ఇంజను ఫొటో పంపండి, కింద ఏమీ రాయకుండా.

చెల్లె విషయంలో మాత్రం వద్దని చెప్పక తప్పదు. నిర్మల్ బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. చాలా తేలికైన, మెత్తటి కర్ర. ముక్కలను చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, పైన రంగు వేస్తారు. మీ దగ్గరున్నవి దాదాపు నలభై ఏళ్ల నాటివి. వాటి మీద ఏ రంగు ఉందో కంటితో చెప్పలేం. పిల్లల ఒంట్లోకి సీసం ఇంత వరకు పోతే ఫరవాలేదు అనే హద్దేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండున్నరేళ్ల పిల్ల చిలుక ముక్కును నోట్లో పెట్టుకోకుండా ఉండదు. పాత రంగు పెచ్చులు లేస్తుంది, పొనికి కర్ర ముక్కు విరిగిందంటే గొంతులో ఇరుక్కునేంత చిన్నది. పాత కెమెరా రీలు డబ్బా ఇంట్లో ఉంటే గుర్తు పెట్టుకోండి, అందులో పట్టేంత ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదమే.

చెల్లెకు అది వద్దనడంగా వినిపించకుండా చెప్పండి. చిన్నప్పుడు రైలును ముట్టనివ్వలేదన్న మాట ఆమె ఊరికే అనలేదు. చిలుకా జింకా ఆమెకే ఇవ్వండి, పాప చేతికి అందని ఎత్తులో పెట్టుకోవడానికి. పాప ఆడుకోవడానికి కొత్తవి కొనండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయితే భౌగోళిక గుర్తింపు ఉన్న నిర్మల్ బొమ్మల వంటి చేతిపనులకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి కొత్త నిర్మల్ బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు లేదని అది నకిలీ అనుకోవద్దు, గుర్తు లేకున్నా ఏం కాదులే అని నోట్లో పెట్టుకునే పిల్లకు ఇవ్వనూ వద్దు. ఏ రంగులు వాడారో తయారు చేసినవాళ్లనే అడిగి తెలుసుకోండి. నిర్మల్‌లో కళాకారుల సహకార సంఘం ఉంది, పాత జింక కాలు ఊడితే అతికించడం గురించి కూడా అక్కడ అడగొచ్చు. ఇంట్లో ఫెవికాల్ పెట్టి తిప్పలు పడకండి. తడిగుడ్డ అసలే వద్దు, చింతగింజల జిగురు నీళ్లకు మెత్తబడుతుంది. బొమ్మ కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టు, దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి కవరులో కట్టి పెట్టండి. రంగు మీద పురుగుల మందు కొట్టకండి.

మీ పిల్లల మీద మనసు నొచ్చుకున్నారు. కొడుకు చూసింది నడవని రైలును. పది నిమిషాలైనా చూశాడు. వాడికి రేకు పడవ ఇచ్చి చూడండి, ఎంపీసీ పిల్లాడు దాన్ని అంత సులువుగా వదలడు. 1891లోనే పేటెంటు తీసుకున్న బొమ్మ అది. ఇంజనులో కదిలే చక్రం ఒక్కటీ లేదు. పలుచటి రేకు బిళ్ల ఉన్న చిన్న పెట్టె, దాని నుంచి వెనక్కి రెండు సన్నటి గొట్టాలు, అంతే. పెట్టె కింద దీపం పెడితే లోపలి నీళ్లు ఆవిరై గొట్టాల్లోని నీళ్లను వెనక్కి తోస్తాయి, పడవ ముందుకు పోతుంది. ఆవిరి చల్లబడగానే కుంచించుకుపోయి నీళ్లను మళ్లీ లోపలికి లాగుతుంది. బయటికి నీళ్లు ఒకే దిశలో ధారగా పోతాయి, లోపలికి వచ్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తాయి. అందుకే పడవ వెనక్కి రాదు. ఆ రేకు బిళ్ల ఉబ్బి తగ్గే చప్పుడే టపటప. ఇది ఎందుకు వెనక్కి రాదని వాణ్నే అడగండి, మీరు చెప్పేయకండి.

నడవాలంటే గొట్టాల్లో గాలి ఉండకూడదు. సూది తీసేసిన సిరంజితో ఒక గొట్టంలోంచి నీళ్లు ఎక్కించండి, రెండో గొట్టంలోంచి నీళ్లు వచ్చేదాకా. నోటితో పీల్చి నింపడం వద్దు, పాత అతుకుల్లో సీసం ఉండొచ్చు. రెండు గొట్టాల చివర్లూ నీళ్లలో మునిగేలా తొట్టిలో పెట్టి, దూదివత్తిని నూనెలో ముంచి చిన్న రేకు గిన్నెలో వెలిగించి పెట్టె కిందకు తోయండి. నిమిషం దాటినా కదలకపోతే గాలి మిగిలి ఉండొచ్చు లేదా అతుకు దగ్గర కారుతుండొచ్చు. పెట్టెను నీళ్లలో ముంచి, ఒక గొట్టాన్ని వేలితో మూసి, రెండో గొట్టంలోకి సిరంజితో మెల్లగా గాలి ఊదితే బుడగలు వచ్చే చోటే చిల్లు. నీళ్లు లేకుండా మాత్రం దీపం పెట్టకూడదు, అతుకు కరిగిపోతే పడవ పని అయిపోయినట్టే.

బిడ్డ భయపడిందని బాధపడకండి. కళ్లు మూసి తెరిచే పాత పాపలను చూస్తే చాలామందికి అలాగే ఉంటుంది. ఆమెకు ఆ బొమ్మ ఇవ్వడం మానేసి, అమ్మమ్మ కుట్టిన గుండీ కళ్ల బొమ్మను అమ్మమ్మ చేతే ఇప్పించండి. ఏ పేలిక ఏ చీరదో ఆమెనే చెప్పనివ్వండి. దాన్ని వాషింగ్ మిషనులో వేయకండి, లోపలి దూది ఉండలు కడుతుంది. పొడి బ్రష్షుతో దులిపి, పొద్దుటి ఎండలో అరగంట ఉంచి తీసేయండి, ఎక్కువైతే పాత చీర రంగు వెలుస్తుంది. అయినా బిడ్డ పట్టించుకోకపోతే ఆ బొమ్మ మీ అలమారలో ఉంటుంది, అదీ మంచిదే.

సర్దేటప్పుడు కొన్ని చూసుకోండి. న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా అంటుకుంటుంది. ఉతికి ఆరిన పాత నూలు పంచె ముక్కలు బాగుంటాయి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే లోపల చెమ్మ పట్టి రేకు తుప్పు పడుతుంది. మందుల డబ్బాల్లో, బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగైదు వేయండి. నాఫ్తలీన్ గోలీలు వేయొద్దు, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అతుక్కుపోతుంది. రేకు బొమ్మలు, కొయ్యవి, ప్లాస్టిక్ పాప, మూడూ వేర్వేరు పెట్టెల్లో ఉండాలి. ఇంజను స్ప్రింగు పూర్తిగా విప్పుకున్నాకే పెట్టెలో పెట్టాలి. చాబీని దారంతో ఇంజనుకు కట్టేయండి, ఇలాంటి బొమ్మల్లో మొదట పోయేది అదే.

పట్టాల మీద అచ్చు లేదు కాబట్టి వాటిని సన్నటి ఎమెరీ కాగితంతో పైపైన రుద్ది తుప్పు తీయొచ్చు. తర్వాత నూనెగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో బాగా తుడవండి. నూనె మిగిలితే చక్రాలు జారుతాయి. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దూరే సూదులు వంగి ఉంటే పట్టకారుతో నిటారు చేయండి. వదులైతే ఎదుటి పట్టా చివరి గొట్టాన్ని కొద్దిగా నొక్కండి.

24 రాత్రి పూజకు పోకముందే ఒకసారి పరిచి చూసుకోండి. తివాచీ మీద కాకుండా గచ్చు మీద, బండల అతుకులకు దూరంగా పరచండి. ఎనిమిది ముక్కలనూ ముందు వదులుగా కలిపి, వలయం మూసుకున్నాక ఒక్కొక్క అతుకూ బిగించండి. మొదటి చుట్టు డబ్బాలు లేకుండా ఇంజను ఒక్కటే తిరగాలి. ఎక్కడ పట్టా దిగితే ఆ అతుకు ఎత్తుగా ఉన్నట్టు, అక్కడ వేలితో నొక్కి సరిచేయండి. తర్వాత ఒక్కో డబ్బా తగిలించండి. చాబీ అమ్మ చేతికివ్వండి, చక్రాలు మీరు పట్టుకోండి. ఇన్నేళ్ల స్ప్రింగు కదా, నాలుగు తిప్పులు చాలు. అన్న తెచ్చిన రెండు పట్టాలు తుప్పు లేకుండా ఉంటే వాటిని పక్కపక్కన వేయకండి. ఒకటి ఇటు, ఒకటి దానికి ఎదురుగా అటు వేస్తే ప్రతి సగం చుట్టుకూ ఇంజనుకు కాస్త తెరిపి దొరుకుతుంది.